బ్యాటరీ తయారీలో విశ్లేషణ రసాయన శాస్త్రం

ఒక పదార్థంలో ఏమేమి ఉన్నాయి, ఏది ఎంత ఉంది, ఏ రూపంలో ఉంది అన్నది తేల్చే శాస్త్రం విశ్లేషణ రసాయన శాస్త్రం. బ్యాటరీ పరిశ్రమలో ముడిసరుకు గేటు దాటిన క్షణం నుంచి వాడి పారేసిన బ్యాటరీని కరిగించేదాకా ప్రతి దశలోనూ దీని అవసరం ఉంటుంది. బ్యాటరీని ఒకసారి మూత వేసి సీలు చేశాక లోపలి రసాయనాన్ని సరిదిద్దే వీలు లేదు. వోల్టేజి, కెపాసిటీ పరీక్షలు లోపం ఉన్నదని చెబుతాయి గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవు. ఆ జాడ తీసేది రసాయన విశ్లేషణే. సీసం–ఆమ్ల, నికెల్–కాడ్మియం, లిథియం–అయాన్ బ్యాటరీల తయారీలో వాడే విశ్లేషణ పద్ధతులను, తెలుగు రాష్ట్రాల్లోని బ్యాటరీ పరిశ్రమను, ఒమన్‌లోని సహం వంటి ఉష్ణ ప్రాంతాల ప్రత్యేక అవసరాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిధి

బ్యాటరీ కర్మాగారంలో విశ్లేషణ మూడు చోట్ల సాగుతుంది. మొదటిది ముడిసరుకుల తనిఖీ: సీసం, ఆమ్లం, లిథియం కార్బొనేటు, గ్రాఫైటు, ద్రావణులు. రెండవది తయారీ నడుస్తుండగా జరిగే తనిఖీ: ఆక్సైడు, పేస్టు, పలకలు, స్లర్రీ. మూడవది వాడకంలో చెడిపోయి తిరిగి వచ్చిన బ్యాటరీల శవపరీక్ష. మొదటి రెండింటికి గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో జవాబు కావాలి. మూడవదానికి వారాలు పట్టినా ఫరవాలేదు. పరికరాల ఎంపిక చాలావరకు ఈ తేడాను బట్టే ఉంటుంది. ఖరీదైన యంత్రం ఉన్న ప్రయోగశాలల్లో కూడా బ్యూరెట్టు పక్కకు పోకపోవడానికి కారణం ఇదే.

చరిత్ర

ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో సీసం–ఆమ్ల బ్యాటరీని రూపొందించాడు. సరిగ్గా ఆ కాలంలోనే, 1859–60లో, జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో రాబర్ట్ బున్సెన్, గుస్తావ్ కిర్కాఫ్ వర్ణపట విశ్లేషణకు పునాది వేశారు. బున్సెన్ అంతకు ముందే జింకు–కర్బన సెల్‌ను తయారుచేసినవాడు కూడా. అంటే బ్యాటరీలు, వర్ణపట విశ్లేషణ రెండూ ఒకే మనిషి చేతుల మీదుగా సాగాయి. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడు పేస్టును పలకలకు పూసే పద్ధతి తెచ్చాడు. దానితో బ్యాటరీ తయారీ పరిశ్రమ స్థాయికి చేరింది, ఆక్సైడు నాణ్యతను కొలవవలసిన అవసరమూ మొదలయింది.

కార్ల్ ఫిషర్ 1935లో నీటిశాతాన్ని కొలిచే టైట్రేషన్‌ను ప్రకటించాడు. అప్పటికి లిథియం బ్యాటరీలు మార్కెట్లో లేవు. నేడు ఆ పద్ధతి లేనిదే లిథియం సెల్ తయారీ సాగదు. ఆస్ట్రేలియాకు చెందిన అలన్ వాల్ష్ 1955లో పరమాణు శోషణ వర్ణపటమాపనాన్ని ప్రతిపాదించాడు. ప్లాస్మా ఆధారంగా పనిచేసే ఐసీపీ పరికరాలు 1970ల నుంచి, వాటికి ద్రవ్యరాశి మాపకం జోడించిన ఐసీపీ–ఎంఎస్ 1983 నుంచి మార్కెట్లో దొరకసాగాయి. సోనీ సంస్థ 1991లో లిథియం–అయాన్ సెల్‌ను అమ్మకానికి తెచ్చింది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు (ఎల్ఎఫ్‌పీ) ధనాగ్ర పదార్థంగా పనికివస్తుందని 1997లో గుడెనఫ్ బృందం చూపింది.

సీసం–ఆమ్ల బ్యాటరీ

*ముడి సీసం, మిశ్రలోహాలు.* బ్యాటరీకి వాడే శుద్ధ సీసం 99.97 శాతం, అంతకు మించిన స్వచ్ఛతతో ఉండాలి. మిగిలిన వందో వంతులలోనే చిక్కంతా ఉంటుంది. వెండి, బిస్మత్, రాగి, ఇనుము, నికెల్, ఆంటిమొని, ఆర్సెనిక్, టెల్యూరియంలను విడివిడిగా కొలుస్తారు. నికెల్, టెల్యూరియం, ఆంటిమొని వంటివి రుణపలక మీద హైడ్రోజన్ సులువుగా వెలువడేలా చేస్తాయి. ఫలితంగా చార్జింగ్‌లో నీరు త్వరగా తగ్గిపోతుంది. మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీలో మళ్లీ నీరు పోసే మార్గం ఉండదు గనుక అక్కడ ఈ పరిమితులు ఇంకా కఠినం. భారత ప్రమాణాల్లో ముడి సీసానికి ఐఎస్ 27 వర్తిస్తుంది.

పలకల లోహపు చట్రాలైన గ్రిడ్‌లను పోసే మిశ్రలోహంలో కాల్షియం సుమారు 0.04 నుంచి 0.1 శాతం ఉంటుంది. తగరం దశాంశ శాతాల నుంచి 1.5 శాతం వరకు ఉండవచ్చు. కరిగిన మిశ్రలోహం పైభాగాన కాల్షియం గాలితో కలిసి మడ్డిగా పోతుంటుంది. అది పోకుండా కొద్దిగా అల్యూమినియం కలుపుతారు. కుండలోని లోహం నుంచి గరిటెతో నమూనా తీసి బిళ్లగా పోసి, ముఖం చదును చేసి, స్పార్క్ ఉద్గార వర్ణపటమాపకం కింద పెడతారు. నిప్పురవ్వ తగిలిన చోట ఆవిరైన లోహం వెలువరించే కాంతిని బట్టి ఒక నిమిషంలోపు పది పన్నెండు మూలకాల లెక్క వస్తుంది. కుండలో కాల్షియం తగ్గిందని తెలియగానే కలుపుకోవచ్చు. అదే గ్రిడ్ గట్టిపడి పలకగా మారాక తెలిస్తే ఆ సరుకును తిరిగి కరిగించాల్సిందే.

*సీసపు ఆక్సైడు.* బాల్ మిల్లులో గాని, బార్టన్ పాత్రలో గాని తయారయ్యే బూడిద–పసుపు పొడిని లెడీ ఆక్సైడు అంటారు. ఇది పూర్తి ఆక్సైడు కాదు. ఇందులో 20 నుంచి 30 శాతం వరకు ఆక్సీకరణ చెందని సీసం మిగిలి ఉంటుంది. దాన్ని ఫ్రీ లెడ్ అంటారు. ఆక్సైడు నాణ్యతను చెప్పే కొలతల్లో ఇది ముఖ్యం.

ఫ్రీ లెడ్ కొలిచే పద్ధతి ఏ చిన్న ప్రయోగశాలలోనైనా చేయదగినది. తూచిన ఆక్సైడును బీకరులో వేసి సజల ఎసిటిక్ ఆమ్లంతో వేడి చేస్తారు. సీసపు మోనాక్సైడు ఎసిటేటుగా కరిగిపోతుంది. లోహ సీసం మాత్రం బూడిదరంగు ముద్దగా అడుగున చేరుతుంది. ఆ ముద్దను గాజుకడ్డీతో అదిమి, మధ్యలో చిక్కిన ఆక్సైడు కూడా బయటికి వచ్చేలా చేసి, నీటితో కడిగి, ఎసిటోన్‌తో తడి తీసి వెంటనే తూచాలి. ఎసిటోన్ వాడకుండా తడి సీసాన్ని గాలికి ఆరనిస్తే అది మళ్లీ ఆక్సీకరణ చెందుతుంది, లెక్క తప్పుతుంది. అదమడం సరిగా లేకపోతే ఎక్కువ చూపిస్తుంది. పరికరం సామాన్యమైనదే గాని, ఫలితం విశ్లేషకుడి చేతి నేర్పు మీద బాగా ఆధారపడుతుంది. ఇద్దరు విశ్లేషకులు ఒకే నమూనాను విడివిడిగా చేసి పోల్చుకోవలసిన పరీక్ష ఇది.

ఫ్రీ లెడ్ ఎక్కువైతే పేస్టు పూసిన పలకలు వాటిని గట్టిపరిచే దశ అయిన క్యూరింగ్‌లో అతిగా వేడెక్కి పగులుతాయి. క్యూరింగ్ తరువాత కూడా కొన్ని శాతాలకు మించి లోహం మిగిలితే వాడకంలో ఆ పదార్థం పలక నుంచి రాలిపోతుంది. ఫ్రీ లెడ్‌తోపాటు ఆమ్ల శోషణ విలువ, పొడి సాంద్రత, రేణువుల పరిమాణం కూడా నమోదు చేస్తారు. రేణువుల కొలతకు లేజర్ వివర్తన పరికరం వాడుక. ఆక్సైడును తేమ తగిలేలా నిల్వ ఉంచితే ఫ్రీ లెడ్ రోజురోజుకూ తగ్గుతుంది గనుక మిల్లు దగ్గర తీసిన విలువను నిల్వ గోదాములోని సరుకుకు వర్తింపజేయకూడదు.

*పేస్టు, క్యూరింగ్.* ఆక్సైడుకు నీరు, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, సన్నని కృత్రిమ పోగులు కలిపితే ధనపలక పేస్టు వస్తుంది. రుణపలక పేస్టులో వీటికి తోడు లిగ్నోసల్ఫొనేటు, బేరియం సల్ఫేటు, కర్బనపు మసి కలిసిన ఎక్స్‌పాండర్ ఉంటుంది. పేస్టు సాంద్రతను నిర్ణీత ఘనపరిమాణం గల కప్పుతో తూచి చూస్తారు.

క్యూరింగ్ గదిలో ఏర్పడే స్ఫటికాలు బ్యాటరీ ఆయువును శాసిస్తాయి. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ లోపు ట్రైబేసిక్ లెడ్ సల్ఫేటు, అంతకు మించితే టెట్రాబేసిక్ లెడ్ సల్ఫేటు ఏర్పడతాయి. టెట్రాబేసిక్ స్ఫటికాలు పెద్దవి. ధనపలకకు గట్టి అస్థిపంజరంగా నిలుస్తాయి గాని, మరీ ముదిరితే మొదటి చార్జింగ్ అయిన ఫార్మేషన్‌లో పూర్తిగా మారవు. రెండింటి రసాయన సంఘటన దగ్గర దగ్గరగా ఉండడం వల్ల మామూలు టైట్రేషన్‌తో వీటిని విడదీయలేం. ఎక్స్ కిరణ వివర్తనం స్ఫటిక నిర్మాణాన్నే చూస్తుంది గనుక ఏది ఎంత ఉందో చెప్పగలుగుతుంది. (చూ. ఎక్స్ కిరణ వివర్తనం)

*ఫార్మేషన్.* మొదటి చార్జింగ్‌లో ధనపలక లెడ్ డయాక్సైడుగా, రుణపలక మెత్తని సీసంగా మారతాయి. ధనపలకలో లెడ్ డయాక్సైడు ఎంత ఏర్పడిందో తెలుసుకోవడానికి ఆ పదార్థాన్ని నత్రికామ్లం, తెలిసిన పరిమాణం గల హైడ్రోజన్ పెరాక్సైడుతో కరిగిస్తారు. మిగిలిన పెరాక్సైడును పొటాషియం పర్మాంగనేటుతో టైట్రేట్ చేస్తారు. గులాబి రంగు నిలిచిన చోట లెక్క ముగుస్తుంది. రుణపలకలో మారని సల్ఫేటు ఎంత ఉందో కూడా చూస్తారు. ఫార్మేషన్‌కు పట్టే కరెంటు ఖర్చు పెద్దది. పలకలు ఎప్పుడు పూర్తిగా మారాయో రసాయనంగా తెలిస్తే చార్జింగ్‌ను అవసరానికి మించి సాగదీయనక్కరలేదు.

*ఆమ్లం, నీరు.* సల్ఫ్యూరిక్ ఆమ్లానికి ఐఎస్ 266, బ్యాటరీ నీటికి ఐఎస్ 1069 భారత ప్రమాణాలు. పూర్తి చార్జిలో 1.28 విశిష్ట సాంద్రత ఉన్న ఆమ్లంలో బరువు ప్రకారం సుమారు 37 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఇనుము, క్లోరైడు, మాంగనీసు, నైట్రేటులకు పరిమితులున్నాయి. క్లోరైడు ధనపలక గ్రిడ్‌ను తినేస్తుంది. దీన్ని సిల్వర్ నైట్రేటు చుక్కలతో వచ్చే తెల్లని మసకను బట్టి వెంటనే గుర్తించవచ్చు. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ బదులు బోరునీరు పోసినప్పుడు చేరే మలినాల్లో ముఖ్యమైనవి క్లోరైడు, ఇనుమే.

నికెల్–కాడ్మియం బ్యాటరీ

రైలు బోగీలకు, విమానాలకు వాడే ఈ బ్యాటరీలో విద్యుద్విశ్లేష్యం పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కార్బొనేటుగా మారుతుంది. కార్బొనేటు పెరిగితే లోపలి నిరోధం పెరుగుతుంది, చలిలో కెపాసిటీ పడిపోతుంది. ఫినాల్ఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్ సూచికలతో రెండు దశల ఆమ్ల టైట్రేషన్ చేస్తే హైడ్రాక్సైడు ఎంత, కార్బొనేటు ఎంత అన్నది విడివిడిగా తెలుస్తుంది.

లిథియం–అయాన్ సెల్

*పొడులు.* బ్యాటరీ స్థాయి లిథియం కార్బొనేటు 99.5 శాతం స్వచ్ఛతతో రావాలి. సోడియం, కాల్షియం, మెగ్నీషియం, ఇనుములను ఐసీపీతో పీపీఎం (పది లక్షల్లో వంతు) స్థాయిలో చూస్తారు. ఐసీపీలో ఆర్గాన్ ప్లాస్మా ఉష్ణోగ్రత 6,000 నుంచి 10,000 కెల్విన్ మధ్య ఉంటుంది. అందులో ప్రతి మూలకం తనదైన తరంగదైర్ఘ్యంలో వెలుగుతుంది.

ఎల్ఎఫ్‌పీ పొడిలో ఇనుము ద్విసంయోజక రూపంలోనే ఉండాలి. త్రిసంయోజక ఇనుము ఉన్నంత మేర కెపాసిటీ తగ్గుతుంది. ద్విసంయోజక ఇనుమును పొటాషియం డైక్రోమేటుతో టైట్రేట్ చేస్తారు. పొడిమీది కర్బనపు పూతను ఆక్సిజన్‌లో మండించి, వచ్చిన కార్బన్ డయాక్సైడును పరారుణ కిరణాలతో కొలుస్తారు. ఈ పూత పలుచనైతే కరెంటు సరిగా పారదు, మందమైతే ఆ మేరకు పనిచేసే పదార్థం తగ్గుతుంది. నికెల్ ఎక్కువగా ఉండే ధనాగ్ర పొడులతో వేరే చిక్కు: వాటి ఉపరితలం మీద లిథియం హైడ్రాక్సైడు, కార్బొనేటు మిగిలిపోతాయి. వీటి క్షారత స్లర్రీలోని బైండరును గడ్డకట్టిస్తుంది. అప్పుడు పూత యంత్రం ఆగిపోతుంది. పొడిని నీటిలో కలిపి వడకట్టి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో రెండు దశల టైట్రేషన్ చేసి ఈ మిగులును లెక్కిస్తారు. నికెల్–కాడ్మియం వారు చేసే టైట్రేషన్‌కు ఇది దగ్గరి చుట్టమే.

*లోహపు రేణువులు.* మిల్లుల నుంచి, పైపుల నుంచి, వెల్డింగ్ నుంచి ఊడిన ఇనుము, రాగి, జింకు రేణువులు ధనాగ్రంలో చేరితే అక్కడి అధిక వోల్టేజికి కరిగి, రుణాగ్రం మీద లోహంగా పేరుకుంటాయి. పేరుకున్నది రెండు అగ్రాలను వేరుచేసే సెపరేటరును దాటితే సెల్ లోపల షార్ట్ అవుతుంది. ముడిపొడిలో ఇలాంటి రేణువులు బరువు ప్రకారం శతకోట్లలో వంతులుగా మాత్రమే ఉండవచ్చు. నేరుగా కరిగించి కొలిస్తే అవి సగటులో కనబడకుండా పోతాయి. అందుకని అయస్కాంతానికి అంటుకునే ఇనుము వంటి రేణువుల కోసం చాలా పొడిని ద్రవంలో కలిపి, బలమైన అయస్కాంతంతో తిప్పి, అంటుకున్నదాన్ని కడిగి, రాజద్రావకంలో కరిగించి ఐసీపీతో చూస్తారు. రేణువు ఎక్కడిదో తెలియాలంటే స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద దాని సంఘటన చూడాలి. ఇనుముతోపాటు క్రోమియం, నికెల్ కనబడితే అది స్టెయిన్‌లెస్ స్టీలు. ఏ యంత్రం అరుగుతున్నదో వెతకడానికి అది చాలు.

*తేమ.* విద్యుద్విశ్లేష్యంలోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేటు లవణం నీటితో కలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడు వస్తుంది. అది ధనాగ్రం నుంచి లోహాలను కరిగిస్తుంది, రుణాగ్రం మీది రక్షక పొరను పాడు చేస్తుంది. అందువల్ల విద్యుద్విశ్లేష్యంలో నీరు సాధారణంగా 20 పీపీఎం లోపు ఉండాలని అడుగుతారు. సెల్ కూర్పు జరిగే పొడిగదిలో గాలి మంచుబిందువు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్, అంతకంటే తక్కువ ఉంచుతారు.

నీటిని కొలిచేది కులోమెట్రిక్ కార్ల్ ఫిషర్ పద్ధతి. ఒక నీటి అణువుకు ఒక అయోడిన్ అణువు ఖర్చవుతుంది. ఆ అయోడిన్‌ను పరికరమే కరెంటుతో పుట్టిస్తుంది. కాబట్టి ఖర్చయిన విద్యుదావేశమే నీటి లెక్క: 1 మిల్లీగ్రాము నీటికి 10.71 కులూంబులు. ఎలక్ట్రోడ్ రేకులో ఇంకిన తేమ కోసం రేకు ముక్కను సీసాలో మూసి, ఓవెన్‌లో వేడిచేసి, పొడి నత్రజనితో ఆ ఆవిరిని కొలత పాత్రలోకి పంపుతారు. ఇక్కడ పొరపాటు ఎక్కువగా పరికరంలో జరగదు. ముక్క కోసి సీసాలో వేసే అరనిమిషంలో బయటి తేమ తగులుతుంది. అందుకే పొడిగదిలోనే కోసి, అక్కడే మూత బిగిస్తారు. అదే గదిలో మూసిన ఖాళీ సీసా విలువను ప్రతిసారీ తీసివేస్తారు.

*ద్రావణులు, వాయువులు.* విద్యుద్విశ్లేష్యంలోని కార్బొనేటు ద్రావణుల పాళ్లను గ్యాస్ క్రొమటోగ్రఫీతో, లవణం విఘటనను అయాన్ క్రొమటోగ్రఫీతో చూస్తారు. ధనాగ్ర పూతలో మిగిలిన ఎన్ఎంపీ ద్రావణిని కూడా గ్యాస్ క్రొమటోగ్రఫీతోనే కొలుస్తారు. మొదటి చార్జింగ్‌లో రుణాగ్రం మీద రక్షక పొర ఏర్పడేటప్పుడు ఎథిలీన్, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వెలువడతాయి. హైడ్రోజన్ అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే ముందుగా అనుమానించవలసింది తేమనే.

షటిల్: రెండు బ్యాటరీల్లో ఒకే రోగం

సీసం–ఆమ్ల బ్యాటరీలో కరిగిన ఇనుము ధనపలక వద్ద త్రిసంయోజక రూపంలోకి, రుణపలక వద్ద మళ్లీ ద్విసంయోజక రూపంలోకి మారుతూ రెంటి మధ్య తిరుగుతుంటుంది. తిరిగిన ప్రతిసారీ కొంత చార్జి ఖర్చవుతుంది. ఇనుము మాత్రం తరగదు. బ్యాటరీ వాడకుండా ఉంచినా దిగిపోవడానికి ఇది ఒక కారణం.

లిథియం సెల్‌లో ఇలాంటిదే ఇటీవల బయటపడింది. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కారణం తెలియని స్వయం విసర్జన (వాడకుండానే చార్జి దిగిపోవడం) ఉన్న సెల్‌లను పరిశీలించారు. వేడి చేసిన సెల్‌లలో విద్యుద్విశ్లేష్యం ఎర్రబడడం చూశారు. క్రొమటోగ్రఫీలో డైమిథైల్ టెరెఫ్తలేటు అనే అణువు కనబడింది. అది విద్యుద్విశ్లేష్యంలో ఉండవలసినది కాదు. ఎలక్ట్రోడ్ చుట్టను పట్టి ఉంచడానికి అంటించే పెట్ ప్లాస్టిక్ టేపు నుంచి వచ్చింది. రెండు అగ్రాల మధ్య షటిల్‌గా తిరిగింది అదే. టేపు మారిస్తే సమస్య తగ్గుతుంది. సెల్‌లో విద్యుత్ పాత్ర ఏదీ లేని చవక వస్తువు కూడా రసాయన తనిఖీ పరిధిలోకి రావాలని ఈ ఉదంతం చూపింది.

నమూనా, కొలత విశ్వసనీయత

టన్నుల సరుకుకు ప్రతినిధిగా విశ్లేషకుడి ముందుకు వచ్చేది కొన్ని గ్రాములు. సంచి పైభాగం నుంచి ఒక చెంచా తీసి పంపితే ఎంత మంచి పరికరమైనా సరైన జవాబు ఇవ్వలేదు. పొడుల్లో సన్న రేణువులు, ముతక రేణువులు విడిపోయి వేర్వేరు పొరలుగా చేరతాయి. వేర్వేరు సంచుల నుంచి, వేర్వేరు లోతుల నుంచి తీసి కలిపి, మళ్లీ పంచుతూ తగ్గించడం పద్ధతి. తప్పుడు ఫలితాల మూలం వెతికేటప్పుడు పరికరం కంటే ముందు నమూనాను అనుమానించడం అనుభవజ్ఞుల అలవాటు.

పరికరాన్ని ధ్రువీకృత ప్రమాణ పదార్థాలతో సరిచూస్తారు. ప్రయోగశాలల సామర్థ్యానికి ఐఎస్ఓ/ఐఈసీ 17025 అంతర్జాతీయ ప్రమాణం. మన దేశంలో ఆ గుర్తింపు ఇచ్చేది ఎన్ఏబీఎల్. ఫలితాలను వాల్టర్ షూహార్ట్ 1924లో రూపొందించిన నియంత్రణ పటాల మీద గుర్తిస్తారు. ఫ్రీ లెడ్ విలువ ఇంకా హద్దులోనే ఉన్నా, వరుసగా ఒకే దిక్కుకు జరుగుతుంటే మిల్లును చూడమని పటం హెచ్చరిస్తుంది. హద్దు దాటాక సరుకును తిరస్కరించడం కంటే ఇదే లాభసాటి. ప్రయోగశాల ఫలితం మిల్లు ఆపరేటరుకు ఆ షిఫ్టులోనే చేరకపోతే మాత్రం పటం గోడ అలంకారమే.

తెలుగు రాష్ట్రాల్లో బ్యాటరీ పరిశ్రమ

హైదరాబాదులో 1977లో మొదలైన హెచ్‌బీఎల్ రక్షణ, రైల్వే అవసరాలకు నికెల్–కాడ్మియం, వెండి–జింకు తదితర ప్రత్యేక బ్యాటరీలు తయారుచేస్తూ వచ్చింది. చిత్తూరు జిల్లాకు చెందిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమర రాజా సంస్థ తిరుపతి సమీపంలోని కరకంబాడి కేంద్రంగా సీసం–ఆమ్ల బ్యాటరీల్లో ఎదిగింది. 1997లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్‌తో భాగస్వామ్యం కుదిరింది. 2000లో అమరాన్ బ్రాండు వచ్చింది. భాగస్వామ్యం 2019లో ముగిసింది.

2022 డిసెంబరులో లిథియం–అయాన్ సెల్‌ల కర్మాగారం కోసం అమర రాజా సంస్థ తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ప్రకటించిన పెట్టుబడి పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలు, సామర్థ్యం 16 గిగావాట్ గంటల సెల్‌లు, 5 గిగావాట్ గంటల ప్యాక్‌లు. పరిశోధన, పరీక్షల కోసం ‘ఈ–పాజిటివ్ ఎనర్జీ ల్యాబ్స్’ పేరుతో శంషాబాద్ విమానాశ్రయ ప్రాంగణంలో కేంద్రాన్ని తలపెట్టింది. సీసం నుంచి లిథియానికి మారే కర్మాగారానికి ప్రయోగశాల కూడా మారాలి. శాతాల్లో కొలిచేవారు పీపీఎంలలో, తేమను లెక్కచేయనివారు తేమే శత్రువుగా పనిచేయవలసి వస్తుంది.

పరిశోధన సంస్థల్లో హైదరాబాదులోని ఏఆర్‌సీఐ ఎల్ఎఫ్‌పీ ధనాగ్ర పదార్థం తయారీ పద్ధతిని అభివృద్ధి చేసి, హైదరాబాదుకే చెందిన ఆల్ట్‌మిన్ సంస్థకు బదిలీ చేసింది. హైదరాబాదులోని ఈసీఐఎల్ ప్రాంతంలో భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే జాతీయ పదార్థ సంఘటన విశ్లేషణ కేంద్రం అతిశుద్ధ పదార్థాల్లోని సూక్ష్మ మలినాల విశ్లేషణలో ప్రసిద్ధం. తెలుగు రాష్ట్రాల బయట, తమిళనాడులోని కారైకుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు 1948లో శంకుస్థాపన జరిగింది.

2022 వేసవిలో తెలుగు రాష్ట్రాలు సహా దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు తగలబడి ప్రాణనష్టం జరిగింది. కేంద్ర ప్రభుత్వం ఏఆర్‌సీఐ డైరెక్టర్ తాతా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల సంఘాన్ని నియమించింది. ఆ సిఫార్సులతో ఏఐఎస్ 156 ప్రమాణానికి సవరణలు వచ్చాయి. మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండవ దశ 2023 మార్చి 31 నుంచి అమలయ్యాయి. ఈ సవరణలు ప్రధానంగా ప్యాక్, బ్యాటరీ నియంత్రణ వ్యవస్థ, చార్జర్, వేడి వ్యాప్తి పరీక్షల మీద దృష్టి పెట్టాయి.

ఉష్ణ ప్రాంతాలు: ఒమన్ బాతినా తీరం

సహం ఒమన్‌లోని ఉత్తర బాతినా ప్రాంతంలో సముద్రతీర విలాయత్ (పాలనా విభాగం). సోహార్‌కు, ఖాబూరాకు మధ్య ఉంది. చేపల వేట, వ్యవసాయం ఇక్కడి సంప్రదాయ వృత్తులు. తీరమంతా వేసవిలో ఎండతోపాటు ఉక్కపోత. 2018 జూన్‌లో ఒమన్‌లోని ఖురయ్యాత్ పట్టణంలో 24 గంటలపాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. రాత్రి చల్లబడని చోట బ్యాటరీకి విరామం దొరకదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా సీసం–ఆమ్ల బ్యాటరీ ఆయువు దాదాపు సగమవుతుందన్నది పరిశ్రమలో వాడే స్థూల సూత్రం. ఒమన్‌లో సీసం–ఆమ్ల బ్యాటరీల తయారీ మస్కట్ పరిసరాల్లో ఉంది, రీమ్ బ్యాటరీస్ ఆ దేశపు సంస్థ.

ఇలాంటి చోట్ల ఆమ్లాన్ని కాస్త పలుచగా, 1.24 నుంచి 1.26 విశిష్ట సాంద్రతతో వాడే పద్ధతి ఉంది. గాఢత తగ్గితే గ్రిడ్ క్షయం, సెపరేటరు నష్టం తగ్గుతాయి. స్టార్టింగ్ శక్తి కొంత తగ్గినా వేడిలో ఇంజను సులువుగా తిరుగుతుంది గనుక ఇబ్బంది ఉండదు. హైడ్రోమీటరు రీడింగును ఉష్ణోగ్రతకు సరిచేయడం ఇక్కడ తప్పనిసరి. డిగ్రీకి సుమారు 0.0007 చొప్పున కలపాలి. 45 డిగ్రీల వద్ద 1.240 చూపిన ఆమ్లం భారత ప్రమాణ ఉష్ణోగ్రత 27 డిగ్రీలకు లెక్కిస్తే 1.253 దగ్గర ఉంటుంది. సవరణ చేయని మెకానిక్ దాన్ని దిగిపోయిన బ్యాటరీ అనుకునే ప్రమాదం ఉంది. వేడికి నీరు ఆవిరయ్యేకొద్దీ మలినాల గాఢత కూడా పెరుగుతుంది. పైనుంచి పోసే నీటి శుద్ధి చలి దేశాల కంటే ఇక్కడే ఎక్కువ ముఖ్యం. ముడి సీసంలో నికెల్, టెల్యూరియం పరిమితులను ఇలాంటి దేశాలకు వెళ్లే ఎగుమతి సరుకుకు మరింత బిగించడానికి కారణం ఈ నీటి నష్టమే. (చూ. ఆర్హీనియస్ సమీకరణం)

కార్మికుల ఆరోగ్యం, పర్యావరణం

సీసం శరీరంలో పేరుకునే విషం. ఆక్సైడు మిల్లు, పేస్టింగ్, పలకల కూర్పు విభాగాల్లో ధూళి ముప్పు ఎక్కువ. గాలిని వడపోత కాగితం గుండా పీల్చి, కాగితాన్ని ఆమ్లంలో కరిగించి, పరమాణు శోషణ పరికరంతో సీసాన్ని కొలుస్తారు. మన ఫ్యాక్టరీల చట్టం పెట్టిన పని గంటల సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 0.15 మిల్లీగ్రాములు. అమెరికా పరిమితి 0.05 మిల్లీగ్రాములు, అంటే మన పరిమితిలో మూడో వంతు. కార్మికుల రక్తంలోని సీసాన్ని గ్రాఫైటు కొలిమి పరమాణు శోషణతో గాని, ఐసీపీ–ఎంఎస్‌తో గాని చూస్తారు. రక్తం తీసేచోట చర్మం మీది ధూళి సూది వెంట చేరినా ఫలితం పెరుగుతుంది గనుక కర్మాగారం ఆవరణకు దూరంగా, చేయి బాగా కడిగించి నమూనా తీయాలి.

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 2021 ఏప్రిల్ 30న అమర రాజా బ్యాటరీస్ రెండు యూనిట్లకు మూసివేత ఉత్తర్వులిచ్చింది. మే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వుల అమలును నిలిపివేసింది. పరిసరాల్లో, కార్మికుల రక్తంలో సీసం స్థాయిలు ఆ వివాదంలో ప్రధానాంశమయ్యాయి. సంస్థ నిబంధనల ఉల్లంఘన ఆరోపణలను కాదన్నది. (చూ. సీసపు విషత్వం)

పరిమితులు

విశ్లేషణ సరుకును పాడుచేసి గాని ఎక్కువగా జవాబు చెప్పదు. అందువల్ల ప్రతి సెల్‌నూ పరీక్షించలేం. ఎక్స్ కిరణ చిత్రణ, అతిధ్వని పరీక్షలు సెల్‌ను విప్పకుండా ఆకృతి లోపాలను పట్టుకుంటాయి గాని, పీపీఎం మలినాన్ని చూడలేవు. మరోవైపు, లోపాలన్నీ రసాయనికమైనవి కావు. 2016లో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు మండిన ఉదంతంలో ఎలక్ట్రోడ్ మూల వంగడం, వెల్డింగ్ మొనలు కారణాలని సంస్థ 2017 జనవరిలో ప్రకటించింది. చెడిన లిథియం సెల్‌ను విప్పడం ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులో, ఆక్సిజన్, తేమ 1 పీపీఎం లోపు ఉన్నప్పుడే చేయాలి. గాలి తగిలిన పొరను విశ్లేషిస్తే వచ్చే ఫలితం సెల్‌ది కాదు, గాలిది.

పునశ్చక్రీకరణలో విశ్లేషణ

పాత బ్యాటరీల నుంచి తీసిన సీసం కొత్త బ్యాటరీల్లోకే తిరిగి వెళుతుంది. ప్రతి చక్రంలోనూ పాత మిశ్రలోహాల ఆంటిమొని, తగరం, వెండి వెంట వస్తాయి. శుద్ధిలో సులువుగా పోని వెండి, బిస్మత్ వంటివి చక్రం తరువాత చక్రం పేరుకుంటాయి. లిథియం బ్యాటరీలను పొడిచేస్తే వచ్చే బ్లాక్ మాస్‌కు ధర కట్టేది అందులోని లిథియం, నికెల్, కోబాల్టు శాతాలను బట్టే. అక్కడ విశ్లేషణ నివేదికే బేరపు పత్రం. అమర రాజా బృందం తమిళనాడులోని చెయ్యార్‌లో సీసం పునశ్చక్రీకరణ కర్మాగారాన్ని నెలకొల్పింది. భారతదేశంలో 2001 నాటి బ్యాటరీ నిబంధనలు సీసం–ఆమ్ల బ్యాటరీలకే పరిమితం. వాటి స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు లిథియం సహా అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి. పాత బ్యాటరీలను సేకరించి పునశ్చక్రీకరణకు పంపే బాధ్యతను అవి ఉత్పత్తిదారుల మీదే ఉంచాయి.